నెత్తురు ఆపు మందులన్నియు ఒకటి కావు

మన ఊళ్ల ఆసుపత్రులలో, ముఖ్యముగా చిన్న పట్టణముల నర్సింగుహోములలో, రక్తస్రావముతో వచ్చిన రోగి వెంటనున్న బంధువులు వైద్యుని అడుగు మొదటి మాట ‘రక్తం ఆగే ఇంజెక్షన్ ఇచ్చారా?’ అనునదియే. భయాందోళనలలో నున్నవారు అట్లడుగుటలో దోషమేమియు లేదు. అయితే ఆ ప్రశ్నకు జవాబుగా రోగి చీటీలో ఎక్కుచున్న మందుల వరుసను చూచినపుడు మాత్రము, నెత్తురు ఆపు శక్తి యనునది ఒక్కటేయనియు, దానిని ఎన్ని పేర్లతో ఎంత ఎక్కువగా లోపలికి పంపిన అంత మేలనియు వైద్యులలోనే కొందరు నమ్ముచున్నారా యను సందేహము కలుగక మానదు. ట్రానెక్సామిక్ ఆమ్లము, ఎథామ్సైలేట్, విటమిన్ కె, పాము విషమునుండి తీసిన హీమోకోయాగ్యులేజ్ అను నాలుగింటిని ఒకే రోగికి ఒకే పూట వ్రాయుట మనలో వింతగా తోచుట మానివేసి చాలకాలమైనది. ఈ నాలుగును శరీరములో నాలుగు వేర్వేరు తావులలో పనిచేయవలసిన మందులు. రోగిలో చెడినది ఏ తావో విచారింపక అన్నింటిని గుప్పించుట చికిత్స యనిపించుకొనదనియు, అంతకంటె ముఖ్యముగా, వీనిలో నిజముగా ప్రాణము నిలుపగల మందును సకాలమున ఇయ్యకపోవుటకు ఈ గుప్పింపే ఒక ముసుగగుచున్నదనియు నా అభిప్రాయము.

ఈ మాట రుజువు కావలెనన్న రక్తము ఎట్లు ఆగునో కొంచెము నిదానముగా చూడవలసియున్నది.

నాళములలో ప్రవహించునంతసేపు ద్రవముగా నుండు నెత్తురు గాయపు ముఖమున మాత్రమే గడ్డకట్టుట నిత్యము మన కన్నులయెదుట జరుగు విషయ మగుటచే అందలి చమత్కృతి మనకు స్ఫురింపదు. గుండె మొదలు వెండ్రుకకంటె సన్నని కేశనాళికల వరకు ప్రతి రక్తనాళపు లోపలి ముఖమును ఒకే కణపు మందముగల పలుచని పొర యొకటి కప్పియున్నది. వైద్యులు దానిని ఎండోథీలియమ్ అందురు. చాలకాలము వరకు పండితులు దీనిని నెత్తురు కారిపోకుండ ప్రకృతి వేసిన జడమైన పూత యనియే తలచిరి. 1976లో ఇంగ్లండులో జాన్ వేన్, సాల్వడోర్ మొంకాడా ప్రభృతులు నాళపు గోడనుండి ప్రోస్టాసైక్లిన్ అను పదార్థము వెలువడుచున్నదనియు, అది రక్తఫలకికలు ఒకదానితో నొకటి అంటుకొనకుండ నిరోధించుచున్నదనియు కనుగొనిన పిమ్మటను, 1980లో అమెరికాలో రాబర్ట్ ఫర్చ్‌గాట్ ఈ పొరలోని కణములు నాళమును సడలించు మరియొక సంకేతమును పంపుచున్నవని చూపి, తరువాత ఆ సంకేతము నైట్రిక్ ఆక్సైడు అను వాయువే యని తేలిన పిమ్మటను ఆ భావము తలక్రిందులైనది. జడమనుకొన్న పూత అనుక్షణము ఆజ్ఞలు జారీచేయుచున్న సజీవావయవమని తేలినది.

ఇక మన ఇండ్లలో ప్లేట్‌లెట్లు అను పేరుతో వాడుకకు వచ్చిన రక్తఫలకికల సంగతి. 1882లో ఇటలీలోని ట్యూరిన్ నగరమున గియూలియో బిజ్జొజేరో వీనిని రక్తములోని ప్రత్యేకాంశముగా గుర్తించి, గడ్డకట్టుటలో వీని పాత్రను వర్ణించెను. ఇవి సంపూర్ణ కణములు కావు. ఎముక మజ్జలోని మహాకణములనుండి విడివడిన తునుకలు. వీనికి కేంద్రకము లేదు. మైక్రోలీటరు రక్తములో లక్షన్నర మొదలు నాలుగున్నర లక్షల వరకు నుండి, వారము పది దినములు జీవించి నశించును. కేంద్రకము లేకపోవుట చిన్న విషయముగా కనబడును గాని ఔషధశాస్త్రమున దాని పర్యవసానము గొప్పది. గుండెజబ్బు గలవారు దినదినము మ్రింగు చిన్న ఆస్పిరిన్ మాత్ర ఫలకికలోని ఒక ఎంజైమును శాశ్వతముగా చెరచును. క్రొత్త ఎంజైమును తయారుచేసికొను సామర్థ్యము లేని ఆ ఫలకిక చచ్చువరకు అట్లే యుండును. అదే ఎంజైము నాళపు పొరలో చెడినచో, కేంద్రకముగల ఆ కణము కొన్ని గంటలలోనే దానిని మరల నిర్మించుకొనును. ఒకే మందు, ఒకే ఎంజైము. రెండు తావులలో రెండు ఫలితములు. రక్తము ఆపు మందులను గూర్చి ఆలోచించు ప్రతివాడును ఈ ఒక్క ఉదాహరణమును మనస్సున నిలుపుకొనుట మంచిది.

నాళము తెగినపుడు ఆ పలుచని పొర చిరిగి, దాని అడుగున దాగియున్న కొల్లాజెన్ అను నారపదార్థము బయటపడును. వాన్ విల్లెబ్రాండ్ కారకము అను పొడవైన ప్రోటీను ఆ నారకు అంటుకొని, పరుగెత్తుచున్న ఫలకికలను పట్టి నిలుపును. నిలిచిన ఫలకిక రూపము మార్చుకొని, తన కడుపులోని ఏడీపీ, థ్రాంబోక్సేన్ మొదలగు పదార్థములను వెదజల్లి మరికొన్ని ఫలకికలను పిలుచును. వాని పైతలముపైననే గడ్డకట్టు కారకములు ఒకదాని వెంట ఒకటి మేల్కొని, తుదకు ఫైబ్రిన్ అను దారపు వలను అల్లును. ఇంతవరకు పాఠ్యపుస్తకములలో అందరు చదువుకొన్నదే. చాలమంది మరచు విషయ మేమనగా, పైని చెప్పిన వాన్ విల్లెబ్రాండ్ కారకమును నిలువచేసి యిచ్చునదియు నాళపు పొరలోని కణములే. గడ్డను తర్వాత కరగించుటకు కావలసిన టీపీఏ అను పదార్థమును విడుచునవియు ఆ కణములే. నెత్తురును పారనిచ్చునది, కట్టనిచ్చునది, కట్టినదానిని కరగించునది ఒకే గృహమునుండి వచ్చుచున్నపుడు, ‘రక్తము ఆపు మందు’ అని ఏకవచనములో మాటలాడుట ఎంత సాహసమో పాఠకులే గ్రహింతురు గాక.

మన దేశమున విరివిగా వాడబడు ఎథామ్సైలేటుతో ఆరంభింతము. ఫలకికలు గోడకు అంటుకొను శక్తిని ఇది పెంచుననియు, నాళపు పొర ప్రోస్టాసైక్లిన్ తయారుచేయుటను అడ్డుకొనుననియు, కేశనాళికల గోడలకు గట్టిదనము చేకూర్చుననియు దీనిని గూర్చి చెప్పుదురు. ఇది నిజమైనచో గోడయందును ఫలకికయందును ఒకేసారి పనిచేయు అరుదైన మందు ఇదియే కావలెను. కాగితముపై ఇంత అందముగా కనబడు మందు రోగియందు ఏమిచేసినదో చూడవలయును గదా. 1996లో ఐర్లండునుండి ప్రకటితమైన ఒక పరిశోధనలో, బహిష్టు సమయమున అధిక రక్తస్రావముతో బాధపడుచున్న 76 మంది స్త్రీలకు ఎథామ్సైలేట్, మెఫెనమిక్ ఆమ్లము, ట్రానెక్సామిక్ ఆమ్లము అను మూడింటిలో ఒక్కొక్కటి యిచ్చి, పోయిన నెత్తురును కొలిచి చూచిరి. ట్రానెక్సామిక్ ఆమ్లము స్రావమును 54 శాతము తగ్గించినది. మెఫెనమిక్ ఆమ్లము 20 శాతము తగ్గించినది. ఎథామ్సైలేట్ ఏమియు తగ్గింపలేదు. చిన్న పరిశోధనయే, దానితోనే ఒక మందును ఉరితీయరాదు. నెలలు నిండని శిశువుల మెదడులో రక్తస్రావమును ఆపునని తొలుత ఆశపెట్టినదియు, తరువాత ఐరోపాలో జరిగిన పెద్ద పరిశోధనలో ఆ ఆశను నెరవేర్పలేకపోయినదియు ఈ మందే. అయినను ట్రానెక్సామిక్ ఆమ్లముతో కలిపి ఒకే మాత్రగా దీనిని అమ్ముట మన అంగళ్లలో నిరాటంకముగా సాగుచున్నది. ఆ మాత్ర మ్రింగి బాగైన స్త్రీ, రెండింటిలో దేనివలన బాగైనదో చెప్పుటకు ఎవరికిని సాధ్యము కాదు. అమ్మువారికి ఆ సందిగ్ధమే లాభకరము.

నాళపు పొరపై నిశ్చయముగా పనిచేయు మందును చూడదలచినవారు డెస్మోప్రెసిన్‌ను చూడవలయును. 1926లో ఫిన్లండు వైద్యుడు ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్, ఓలాండ్ ద్వీపములలోని ఒక కుటుంబమున తరతరములుగా వచ్చుచున్న రక్తస్రావవ్యాధిని వర్ణించెను. ఆయన పేరనే ఆ కారకము నేటికిని పిలువబడుచున్నది. ఆ కారకమును నాళపు పొరలోని కణములు చిన్న గుళికలలో నిలువచేయును. 1964లో వైబెల్, పలాడె అను ఇరువురు సూక్ష్మదర్శినిలో కనుగొనిన గుళికలివి. 1977లో ఇటలీకి చెందిన మన్నూచ్చి, ఆయన సహచరులు, మూత్రమును తగ్గించుటకై తయారైన డెస్మోప్రెసిన్ అను కృత్రిమ హార్మోనును సూదిద్వారా ఎక్కించినచో ఆ గుళికలు తెరచుకొని, దాచిపెట్టిన కారకము నెత్తురులోనికి పొంగివచ్చి, స్వల్పరూపమైన హీమోఫీలియా, వాన్ విల్లెబ్రాండ్ వ్యాధి గల రోగులకు పండ్లు పీకుట మొదలగు చికిత్సలను నిరపాయముగా జరుపవచ్చునని చూపిరి. దాత రక్తము అక్కరలేక, రోగి తన స్వంత నిల్వనే తాను వాడుకొనుట ఇందలి విశేషము.

నిల్వ ఉన్నంతవరకే ఈ మందు పని. వెంటవెంట ఇచ్చినచో గుళికలు ఖాళీయై ఫలము సన్నగిల్లును. శరీరమున నీరు నిలిచి సోడియం పడిపోవును, పసివారిలో మూర్ఛలు రావచ్చును. అన్నింటికంటె చిత్రమైన విషయము వాన్ విల్లెబ్రాండ్ వ్యాధిలోని 2బి అను తెగకు సంబంధించినది. ఆ తెగ రోగులలో ఆ కారకమే వక్రముగా పుట్టి, గాయము లేకున్నను ఫలకికలను పట్టుకొనును. అట్టివారికి డెస్మోప్రెసిన్ ఇచ్చినచో వక్రమైన కారకము మరింతగా వెలువడి ఫలకికల సంఖ్య దబ్బున పడిపోవును. రక్తము ఆపు మందు రక్తస్రావమునకు దారితీయగలదన్నమాట. రోగము పేరు తెలిసిన చాలదు, తెగయు తెలియవలయును.

ఇప్పుడు ట్రానెక్సామిక్ ఆమ్లమునకు వత్తము. యుద్ధములో చితికిపోయిన జపానులో, ధనము తక్కువగా గల ప్రయోగశాలలో, ఉటాకో ఒకామోతో, ఆమె భర్త షోసుకే ఒకామోతో కలసి ప్రసవానంతర రక్తస్రావమును ఆపగల మందుకై వెదకిరి. రక్తముపై పరిశోధనయైనచో ఇతర సామగ్రి దొరకకున్నను తమ నెత్తురునే తాము తీసికొనవచ్చునని వారి ఆలోచన. బిడ్డను చూచువారు లేక, వీపున కట్టుకొని ప్రయోగములు చేసిన తల్లి ఆమె. తొలుత ఎప్సిలాన్ అమైనోకప్రాయిక్ ఆమ్లమును, 1962 నాటికి దానికంటె అనేక రెట్లు బలవత్తరమైన ట్రానెక్సామిక్ ఆమ్లమును వారు లోకమునకు తెలిపిరి. ఏ స్త్రీలకొరకు కనుగొనిరో ఆ బాలింతలపై దానిని పెద్దయెత్తున పరీక్షించుటకు మాత్రము అర్ధశతాబ్దము గడచినది. ఉటాకో ఒకామోతో 2016 ఏప్రిల్‌లో తన 98వ యేట మరణించెను. పరీక్షాఫలితములు 2017 ఏప్రిల్‌లో వెలువడెను. శాస్త్రచరిత్రలో ఇంతకంటె మనస్సును కలచు ఆలస్యములు కొన్నియే యుండును.

ఈ మందు ఫలకికలను రెచ్చగొట్టదు, గడ్డకట్టు కారకములను పెంచదు, నాళమును ముడుచుకొనజేయదు. గడ్డను కరగించు ప్లాస్మిన్ అను ఎంజైము ఫైబ్రిన్ దారములను పట్టుకొనుటకు వాడు చోటులలో తానుపోయి కూర్చుండును. అంతే దాని పని. నూర్పిడి కళ్లములో ఎద్దు మూతికి చిక్కము కట్టినపుడు ఎద్దు బలము తగ్గదు, నడక ఆగదు, గింజ మాత్రము దానికి అందదు. ట్రానెక్సామిక్ ఆమ్లము ప్లాస్మిన్‌కు కట్టిన చిక్కము. అయితే ప్లాస్మిన్ ఫైబ్రిన్‌నే గాక, మితిమీరి పుట్టినపుడు ఫలకికల పైనున్న గ్రాహకములను కూడ కోసివేయగలదనియు, దానిని అదుపులో పెట్టిన ఈ మందు పరోక్షముగా ఫలకికలకు కూడ రక్షణ కలిగించుననియు పరిశోధకులు చెప్పుచున్నారు. ఘోరగాయమైనపుడు నాళపు పొరపై నుండు చక్కెరపదార్థపు నూగు ఊడిపోవుటను ఇది కొంత తగ్గించునని కణములపైనను జంతువులపైనను జరిగిన ప్రయోగములలో సూచన కనబడినది. ఇవి ఆశాజనకములే, మానవులలో ఎంతవరకు నిజమో తేలువరకు వీనిని సిద్ధాంతములుగా ప్రకటింపరాదు.

సిద్ధాంతముగా ప్రకటింపదగినది మరియొకటి కలదు. అది కాలమునకు సంబంధించినది. క్రాష్-2 అను పేరుతో 40 దేశములలో, మన దేశపు ఆసుపత్రులతో సహా, 20,211 మంది క్షతగాత్రులపై జరిగిన పరీక్షయొక్క ఫలితములు 2010లో వెలువడినవి. మందు పొందినవారిలో 14.5 శాతము, పొందనివారిలో 16 శాతము మరణించిరి. తేడా చిన్నదిగా కనబడును. ప్రపంచమున రోడ్లపై రక్తమోడుచున్నవారి సంఖ్యతో గుణించి చూచినవారికి అది చిన్నదిగా కనబడదు. మరుసటి యేట ఆ లెక్కలనే వేళలవారీగా విడదీసి చూచిరి. గాయమైన గంటలోపల మందు పడినవారిలో రక్తస్రావముచే మరణము 7.7 శాతమునుండి 5.3 శాతమునకు తగ్గినది. మూడు గంటలు దాటిన తర్వాత పొందినవారిలోనో, తగ్గుటకు మారుగా 3.1 శాతమునుండి 4.4 శాతమునకు పెరిగినది! ఒకే మందు, ఒకే మోతాదు. మొదటి గంటలో రక్షకుడు, నాలుగవ గంటలో భక్షకుడు. వోమన్ అను పేర 21 దేశములలో 20,060 మంది బాలింతలపై జరిగిన పరీక్షలోను ఇదే కథ. మూడు గంటలలోపల పొందినవారిలో రక్తస్రావ మరణములు 1.7 శాతమునుండి 1.2 శాతమునకు దిగినవి, ఆ పిదప లాభము కనబడలేదు. ఈ రెండు పరీక్షల లెక్కలను కలిపి 2018లో గణించినవారు, ప్రతి 15 నిమిషముల ఆలస్యమునకు లాభము సుమారు 10 శాతము చొప్పున హరించిపోవునని తేల్చిరి.

ఇట్లేల యగును? సమాధానమును మరల నాళపు పొరయందే వెదకుచున్నారు. ఘోరగాయమునకు గురియై ప్రాణవాయువు కొరవడిన క్షణమున ఆ కణములు టీపీఏను కుమ్మరించును. గడ్డలు కట్టినవి కట్టినట్లే కరగిపోవు దశ యది. చిక్కము అవసరమైన దశయు అదియే. కొన్ని గంటలు గడచిన పిమ్మట అవే కణములు, వానితోబాటు ఫలకికలు, కరగుటను అడ్డగించు పీఏఐ-1 అను పదార్థమును విడుచును. అప్పటికి శరీరము తానే చిక్కము కట్టుకొనియున్నది. మనము రెండవది కట్టినచో కీడు కలుగుట ఆశ్చర్యము కాదు. ఈ వివరణలో ఇంకను తేలవలసిన ముడులున్నవి గాని, వైద్యుడు గడియారము చూడవలెనను తీర్పునకు వానితో పనిలేదు.

ఇంత గొప్ప మందు గదా యని అన్ని రక్తస్రావములకు వాడవచ్చునా? 2020లో వెలువడిన హాల్ట్-ఇట్ పరీక్షలో జీర్ణకోశమునుండి రక్తము పోవుచున్న 12,009 మందిపై దీనిని ప్రయోగించి చూచిరి. మరణములు తగ్గలేదు. సిరలలో గడ్డలు కట్టుట 0.4 శాతమునుండి 0.8 శాతమునకు, అనగా రెట్టింపునకు, పెరిగినది. రక్తహీనత గల 15,068 మంది గర్భిణులకు కాన్పు కాగానే, స్రావము మొదలుకాకముందే, ముందుజాగ్రత్తగా ఇచ్చి చూచిన వోమన్-2 పరీక్షలోను స్రావము తగ్గలేదని 2023లో తేలినది. స్రావము ఆరంభమైన తల్లికి వెంటనే ఇయ్యవలెను. ఆరంభము కాని తల్లికి అందరితోబాటు ఇచ్చుటవలన ఫలము లేదు. మూత్రపిండములు చెడినవారికి మోతాదు తగ్గింపవలెను. ఎక్కువైనచో మూర్ఛలు వచ్చును. మత్తుమందు అనుకొని పొరపాటున దీనిని వెన్నులోనికి ఎక్కించిన సంఘటనలు, వానివలన కలిగిన మరణములు పెక్కు దేశములనుండి తెలియవచ్చుటచే ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో హెచ్చరిక చేయవలసివచ్చినది. సీసా చిన్నది, చూపునకు మరియొకదానివలె నుండును. ఆపరేషన్ గదిలో దానిని వేరుగా ఉంచవలెనను నియమమునకు కాసు ఖర్చులేదు.

గుండె శస్త్రచికిత్సలలో ఒకప్పుడు రాజ్యమేలిన అప్రోటినిన్ గతి మనకు మరియొక పాఠము. రక్తస్రావమును తగ్గించుటలో అది వెనుకబడలేదు. అయినను 2008లో వెలువడిన కెనడా పరీక్షలో ఆ మందు పొందినవారిలో నెల తిరుగకముందే 6 శాతము మంది మరణింపగా, ట్రానెక్సామిక్ ఆమ్లము పొందినవారిలో 3.9 శాతమే మరణించిరి. నెత్తురు ఆగినది, రోగి ఆగలేదు. హీమోఫీలియా రోగులకు వరప్రసాదమైన ఏడవ కారకమును ఇతర రక్తస్రావములకు విచ్చలవిడిగా వాడిన కాలమున ధమనులలో గడ్డలు పెరిగిన సంగతియు ఇట్టిదే.

మన రాష్ట్రములలో వర్షాకాలము వచ్చినచో రక్తఫలకికల పేరు ప్రతి యింట మార్మ్రోగును. డెంగీ జ్వరము సోకిన బిడ్డకు ‘ప్లేట్‌లెట్లు ముప్పైవేలకు పడిపోయినవి’ అని విన్న తండ్రి రక్తనిధులవెంట పరుగిడును. బొప్పాయి ఆకు రసము నూరువారు నూరుదురు. నెత్తురు ఆపు సూదులు కూడ ఈ సందట్లో పడుచుండును. డెంగీలో ప్రాణము తీయునది చాలవరకు ఫలకికల కొరత కాదు. నాళపు పొర శిథిలమై నెత్తురులోని నీరు బయటికి ఊరిపోవుట. ఆ వైరస్ విడుచు ఎన్‌ఎస్1 అను ప్రోటీను నేరుగా ఈ పొరను దెబ్బతీయునని 2015లో ప్రయోగములు చూపినవి. సింగపూరు, మలేషియా దేశములలో, ఫలకికలు 20,000 లేదా అంతకు తక్కువకు పడిపోయి రక్తస్రావము లేని పెద్దలకు ముందుజాగ్రత్తగా ఫలకికలు ఎక్కించి చూచిన పరీక్షయొక్క ఫలితము 2017లో వెలువడినది. రక్తస్రావము చెప్పదగినంతగా తగ్గలేదు, ఎక్కించుటవలని ఇబ్బందులు మాత్రము పెరిగినవి. ఊరిపోవు గోడకు ఫలకికలను ఎక్కించుటయు, ప్లాస్మిన్‌కు చిక్కము కట్టుటయు జవాబు కావు. గంటగంటకు నాడియు రక్తపోటును మూత్రమును చూచుచు, సెలైనును తగుమాత్రముగా ఎక్కించుట జవాబు. ఈ కాపలాకు నర్సు కావలెను, ఓపిక కావలెను; సంచి రక్తఫలకికలకు ధర ఉన్నది, ఓపికకు బిల్లు లేదు. బహుశః అందుచేతనే రెండవది అరుదు.

ఇక పొలములలోని మాట. 1796లో ‘భారతీయ సర్పముల’ గ్రంథమును ప్రకటించిన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్టణపు ప్రాంతములలో మెలగి, మన జనులు ‘కాటుకరేకుల పొడ’ అని పిలిచిన పామును ఆ పేరుతోనే లోకమునకు ఎరుకపరచెను. రక్తపింజరి యని నేడు మనము భయపడునది ఆ పామే. దాని విషమును మిక్కిలి పలుచన చేసి హీమోఫీలియా రోగి గాయముపై పూసినచో రక్తము గడ్డకట్టునని 1934లో లండనునుండి మక్ఫార్లేన్, బార్నెట్ అను వైద్యులు ప్రకటించిరి. అదే విషము కాటుద్వారా ఒడలిలోనికి పోయినచో గడ్డకట్టు కారకములను ఒక్కసారిగా ఖర్చుచేసి, నాళపు పొరను తూట్లుపొడిచి, చిగుళ్లనుండియు మూత్రమునుండియు నెత్తురు కార్పించును. అట్టి రోగికి విటమిన్ కె గాని, ఎథామ్సైలేట్ గాని, వేరొక పాము విషమునుండి తీసిన గడ్డకట్టు మందు గాని ఇచ్చి కాలము వృథాచేయుట ఘోరము. విషవిరుగుడు సీరమొక్కటే మందు. శుభ్రమైన గాజు గొట్టములో కొంచెము రక్తము పోసి 20 నిమిషములు కదల్పక ఉంచి, గడ్డకట్టినదో లేదో చూచు పరీక్షకు ఏ యంత్రమును అక్కరలేదు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున ఇంతకంటె విలువైన పరీక్షలు మిక్కిలి కొద్ది.

ఎదుటి పక్షమువారి మాటయు వినవలసినదే. రాత్రి రెండు గంటలకు నెత్తురు మడుగులో వచ్చిన రోగిని చూచుచున్న వైద్యునికి ఇంత తర్కించు తీరిక ఎక్కడిదని వారందురు. నిజమే. తీరిక లేనివానికి నాలుగు మందులకంటె ఒక మందు సులభము గదా. కాన్పు తర్వాత రక్తము ఆగని తల్లికి గర్భాశయమును ముడుచుకొనజేయు ఆక్సిటోసిన్ మొదలగు చికిత్సలతోబాటు, మూడు గంటలలోపల ఒక గ్రాము ట్రానెక్సామిక్ ఆమ్లమును పది నిమిషములలో సిరలోనికి ఎక్కింపవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2017లో స్పష్టముగా చెప్పినది. రెండవ జామునగాని మూడవ జామునగాని తర్కము అక్కరలేని సూత్రమిది. ఇది చవకైన మందు. శీతలపేటిక లేకున్నను నిలువయుండును. మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో 57 శాతము మంది రక్తహీనులని అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్యసర్వే తెలిపినది. అట్టి తల్లులకు పోవు ప్రతి గిద్దెడు నెత్తురును ఇతరులకు పోవు నెత్తురుకంటె ప్రియమైనది.

కావున ప్రభుత్వములు చేయవలసినది కష్టమైనదేమియు కాదు. ప్రతి కాన్పు గదియందును, ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునందును, ప్రతి 108 వాహనమునందును ఈ సీసా ఉండవలెను, ఉన్నదని నెలనెలా ఎవరైనను చూడవలెను, దానిని ఇచ్చు అధికారము అక్కడనున్న నర్సుకును సాంకేతికునికిని ఉండవలెను. రెండు మందులను కలిపి ఒకటిగా అమ్ముటకు అనుమతి కోరువారిని, విడివిడిగా ఇచ్చుటకంటె కలిపి ఇచ్చుటలోని లాభమును రుజువు చేయుమని నియంత్రణాధికారులు గట్టిగా అడుగవలెను. రుజువు లేనివానిని అంగడినుండి తొలగింపవలెను. వైద్యులు చీటీలో ప్రతి మందు ప్రక్కను అది ఏ లోపమును దిద్దుటకో ఒక్క మాట వ్రాయు అలవాటు చేసికొనినచో, సగము మందులు వానియంతట అవియే జారిపోవును.

రోగి బంధువులకును ఒక విన్నపము. ‘రక్తం ఆగే ఇంజెక్షన్ ఇచ్చారా’ అని అడుగుటకు ముందు, గాయమైన వేళను, లేక కాన్పైన వేళను గడియారము చూచి గుర్తుంచుకొని, ఆసుపత్రి గుమ్మములోనే వైద్యునితో చెప్పుడు. రోగి ఆస్పిరిన్ వంటి మాత్రలు దినమును వాడుచున్నచో ఆ చీటీని కూడ వెంట తీసికొనిపోవుడు.